తెగిన దారికి వంతెన

2018వ సంవత్సరము, నవంబరు మాసము. నేను నల్లగొండ జిల్లాలోని యొక గ్రామమున ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. ఒకనాటి యుదయమున ప్రార్థన ముగిసిన పిమ్మట, ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు నా గదికి వచ్చి, మడతలుపెట్టిన వార్తాపత్రిక ముక్కను బల్లపై నుంచెను. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడిన మువ్వురు మనుష్యులు స్విట్జర్లండు దేశమున మరల అడుగులు వేసిరని అందు వ్రాయబడియుండెను.

"మాస్టరుగారూ! ఇది నిజమేనా? మా నాయన కూడ మరల నడుచునా?" అని వాడు నన్నడిగెను.

వాని తండ్రి గీతపని చేయువాడు. అంతకు రెండేండ్ల క్రిందట తాటిచెట్టుపైనుండి దిగుచుండగా మోకు జారి నేలపై బడెను. కేక విని పరుగెత్తివచ్చినవారిలో నొకడు చంకల క్రిందను, మరియొకడు కాళ్ళను పట్టి యాతనిని లేవనెత్తి, ఆటోలో కూర్చుండబెట్టి ఆసుపత్రికి గొనిపోయిరి. వారి మనస్సు మంచిది. వారు చేసిన పని మాత్రము మంచిది కాదు. ఎందువలన కాదో ముందు చెప్పెదను. నాటినుండి యాతనికి నడుము క్రింది భాగమున స్పర్శ లేదు, కదలిక లేదు. నగరములోని యొక చికిత్సాలయమువారు, "వెన్నులోనికి కణములను సూదితో నెక్కించెదము, మూడు నెలలలో నడుచును" అని నమ్మబలుకగా, ఆ కుటుంబము తమకున్న రెండెకరములలో నొక యెకరమును అమ్మి యా సొమ్ము చెల్లించెను. మూడు నెలలు గడచినవి, ఫలము కనబడలేదు. రెండవ సూది వేసిన గుణము తప్పదని వారు మరల చెప్పిరట.

"మిగిలిన యెకరము కూడ అమ్ముదమని అమ్మ యనుచున్నది. మీరేమందురో అడిగి రమ్మన్నది" అని బాలుడు తలవంచుకొని చెప్పెను.

నేను "నడుచును" అని చెప్పలేకపోతిని. "నడువడు" అనియు చెప్పలేకపోతిని. "నాలుగు దినములు గడువిమ్ము. తెలిసినవారి నడిగి, చదివి చెప్పెదను. అంతవరకు పొలము అమ్మవద్దని మీ యమ్మకు చెప్పుము" అంటిని. ఆనాడు మొదలుపెట్టిన చదువును నేనిప్పటికిని మానలేదు. బాలబాలికలారా! ఆ బాలునకు చెప్పినదానిని, పిదప నేర్చినదానిని జేర్చి యీ పాఠముగా మీకు చెప్పుచున్నాను.

౧

వీపు నడుమ చేయి పెట్టి నిమిరిచూడుడు. గట్టిగా, వరుసగా తగులునవి వెన్నుపూసలు. ఇట్టివి ముప్పదిమూడు పూసలు చేరి వెన్నెముక యైనవి. ఈ పూసల నడుమనున్న గొట్టమువంటి మార్గమున, మెదడునుండి క్రిందికి దిగివచ్చు మెత్తని త్రాడువంటిది కలదు. అదియే వెన్నుపాము. దాని లావు చిటికెనవ్రేలంత. పెద్దవారిలో పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. దానినుండి 31 జతల నాడులు చీలి దేహమంతటను వ్యాపించినవి.

మీరు "లేచి నిలువవలె" నని తలచినప్పుడు మెదడునుండి ఆజ్ఞ యీ త్రోవనే కాళ్ళకు దిగును. కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు ఆ వార్త యీ త్రోవనే మెదడునకు ఎక్కును. మూత్రమును నిలుపుట, చెమట పోయుట, రక్తపు ఒత్తిడి నిలకడగా నుండుట మున్నగు పనులు కూడ దీనిపై నాధారపడియున్నవి. మెడకడ దెబ్బతగిలిన యెడల కాలుసేతులు నాలుగును, వీపునకు నడుమ దెబ్బతగిలిన యెడల కాళ్ళు మాత్రమును చచ్చుబడును.

దెబ్బ తగిలిన క్షణముననే కీడంతయు ముగిసిపోదు. తరువాతి గంటలలోను దినములలోను వాపు, రక్తస్రావము వలన మరికొన్ని నాడీకణములు నశించును. పిదప ఆ తావున గాయపు మచ్చ యేర్పడి, మిగిలిన తంతువులకు అడ్డుగోడయగును. విరిగిన పూస కదలిన యెడల ఇంకను చెడకుండ మిగిలియున్న తంతువులు సైతము తెగవచ్చును. ఆనాడు మా గ్రామస్థులు ఆతనిని చంకలు, కాళ్ళు పట్టి లేవనెత్తుట యేల మంచిది కాదో మీకిప్పుడు తెలిసినది గదా!

ఇచ్చట నొక విషయమును మనస్సున నుంచుకొనుడు. ఇట్టి రోగికి మెదడు చెడలేదు. కాళ్ళ కండరములు చెడలేదు. దెబ్బతగిలిన చోటికి క్రిందనున్న వెన్నుపాము కూడ చాలవరకు బాగుగనే యున్నది. చెరువు నిండుగ నున్నది, పొలము దున్ని సిద్ధముగ నున్నది. నడుమ కాలువకు గండిపడినది. గండి పూడ్చుట యెట్లు? శాస్త్రజ్ఞులు ఆలోచించుచున్నది ఈ యొక్క ప్రశ్ననే.

౨

ఈ రోగము క్రొత్తది కాదు. 1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికా దేశీయుడు ఈజిప్టులోని లక్సరు పట్టణమున నొక పురాతన పత్రమును కొనెను. అది క్రీస్తునకు పూర్వము 1600 ప్రాంతమున వ్రాయబడిన శస్త్రవైద్య గ్రంథము. మెడపూస తొలగి, తన కాలుసేతులు తనకు తెలియకుండ పడియున్న రోగి లక్షణములు అందు వర్ణింపబడినవి. ఇది చికిత్స చేయదగని వ్యాధి యని యా వైద్యుడు తేల్చెను. ఆతనిని మనము నిందింపరాదు. తరువాత మూడువేల యేండ్లకు పైగా వైద్యులు చెప్పినదియు ఇంచుమించుగా అదియే.

ఇరువదవ శతాబ్ది మొదటి సగమున గూడ ఇట్టి రోగులలో ననేకులు కొలది కాలమునకే మరణించెడివారు. వారిని చంపినది వెన్ను దెబ్బ కాదు. ఒక్క ప్రక్కనే కదలక పడియుండుటచే కలిగిన పుండ్లు, మూత్రకోశమున బుట్టిన చీము వారిని బలిగొనెడివి.

ఈ స్థితిని మార్చినవాడు లుడ్విగ్ గుట్‌మన్. ఆయన జర్మనీలో యూదు కుటుంబమున 1899లో జన్మించి నాడీవైద్యుడయ్యెను. హిట్లరు ప్రభుత్వము యూదులను హింసించుచుండగా 1939లో ఇంగ్లండునకు వలసపోయెను. 1944 ఫిబ్రవరి 1వ తేదీన స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో, యుద్ధమున వెన్ను దెబ్బతిన్న సైనికులకై ప్రత్యేక శాఖ నొకదానిని ఆయన ప్రారంభించెను. రాత్రియనక పగలనక రెండు గంటల కొకమారు ప్రతి రోగిని ప్రక్కకు త్రిప్పవలెనని ఆయన కట్టడిచేసెను. పుండ్లు మానెను; రోగులు బ్రదికిరి. బ్రదికినవారు మంచమున పడియుండరాదని వారికి పనులు నేర్పించెను, ఆటలాడించెను. 1948 జూలై 29వ తేదీన లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, స్టోక్ మాండవిల్ పచ్చికపై పదునారుగురు చక్రముల కుర్చీలలో కూర్చుండి విలువిద్యలో పోటీపడిరి. 1960లో రోము నగరమున జరిగిన క్రీడలలో 23 దేశములనుండి నాలుగువందల మంది పాల్గొనిరి. నేటి పారాలింపిక్ క్రీడలకు ఇదియే మొదలు.

గుట్‌మన్ తెగిన నాడి నొక్కదానిని అతుకలేదు. ఐనను వేలకొలది ప్రాణములను నిలిపెను. నడకకు ముందు బ్రదుకు నిలువవలెను గదా!

౩

ఇక నాడులను గూర్చి. చేతిలోని నాడి తెగిన యెడల తగిన చికిత్సతో అది మెల్లగా, దినమునకు సుమారొక మిల్లీమీటరు చొప్పున మరల పెరుగును. వెన్నుపాములోని తంతువు మాత్రము తెగిన తావుననే నిలిచిపోవును. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు, 1906లో నోబెల్ బహుమానము పొందినవాడు నైన రమోన్ ఇ కహాల్ 1928లో ప్రకటించిన గ్రంథమున, పెరిగిన మనిషి మెదడులోను వెన్నుపాములోను చెడిన త్రోవలు మరల మొలకెత్తవని వ్రాసెను. అయితే ఈ కఠినశాసనమును మార్చగలిగినచో మార్చుట భవిష్యత్తులోని విజ్ఞానశాస్త్రము పని యనియు ఆయనయే సూచించెను.

అర్ధశతాబ్ది గడచెను. కెనడాలోని మాంట్రియల్ నగరమున ఆల్బర్ట్ అగ్వాయో, సామ్యూల్ డేవిడ్ అను పరిశోధకులు 1981లో నొక ప్రయోగ ఫలమును ప్రకటించిరి. వారు ఎలుక కాలినుండి నాడి ముక్కను దీసి, దానిని వంతెనవలె వెన్నుపామునకును మెదడు క్రింది భాగమునకును నడుమ అమర్చిరి. ఎన్నడును పెరుగవనుకొన్న తంతువులు ఆ ముక్కలో జొరబడి మూడు సెంటీమీటర్లవరకు పెరిగెను! వంతెన దాటి మరల వెన్నుపాములో నడుగిడగానే ఆగిపోయెను. విత్తనము చెడ్డది కాదు. నేల యనుకూలముగా లేదు అని దీనివలన తేలినది. ఆ నేలలోని దోషమేమి? నాడీతంతువులను కప్పియుండు కొవ్వు పొరలో పెరుగుదలను అడ్డు పదార్థములు గలవని స్విట్జర్లండులోని జూరిచ్ నగరమున మార్టిన్ ష్వాబ్ కనుగొనెను. ఆ పదార్థములను అణచుటకు మందులు కనుగొను ప్రయత్నము నేటికిని సాగుచున్నది.

౪

కొందరు వేరొక త్రోవ పట్టిరి. అప్పుడే పుట్టిన శిశువును చంకల క్రింద పట్టి, పాదములు బల్లకు తగులునట్లు నిలిపిన యెడల ఏమి చేయునో మీరెప్పుడైన చూచితిరా? అది ఒక కాలు తరువాత నొక కాలు ఎత్తి అడుగులు వేయును. దానికి నడక యెవరు నేర్పిరి? అడుగు వేయుటకు కావలసిన లయ వెన్నుపాము క్రింది భాగముననే యున్నది. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు గ్రాహం బ్రౌన్ 1911లోనే పిల్లులపై ప్రయోగములు చేసి యీ సంగతిని చూపెను. 1987లో మాంట్రియల్ శాస్త్రజ్ఞులు, వెన్నుపాము తెగిన పిల్లులను కదలు పట్టాపై దినదినము నడిపించి, అవి వెనుకకాళ్ళతో మరల అడుగులు వేయగలవని నిరూపించిరి. వెన్నుపాము కేవలము తీగ కాదు. అది యభ్యాసముచే నేర్చుకొనగలదు.

మనిషిలో నీ లయ గాఢనిద్రలో నున్నది. దానిని మేలుకొలుపుట యెట్లు? దీర్ఘకాలపు నొప్పిని తగ్గించుటకై వెన్నుపాముపై అమర్చు విద్యుత్ పరికరము వైద్యులకు పూర్వమే తెలిసియుండెను. అమెరికాలోని లూయివిల్ నగరమున సుసాన్ హార్కెమా మొదలగువారు 2009లో, వాహనము ఢీకొనగా కాళ్ళు చచ్చుబడిన యువకునకు అట్టి పరికరమును నడుము కడ అమర్చిరి. సన్నని పలకపై పదునారు విద్యుద్ద్వారములు గలవు. విద్యుత్తు ప్రసరించుచుండగా ఆతడు తన బరువు తాను మోసికొని నిలువగలిగెను; తలచినప్పుడు కాలివ్రేళ్ళను కదపగలిగెను. ఈ సంగతి 2011లో ప్రకటింపబడగా లోకమాశ్చర్యపడినది.

2018లో ఆ బృందమువారే, పూర్తిగా చచ్చుబడిన నలుగురిలో ఇద్దరు ఊతలతో నేలపై నడువగలిగిరని ప్రకటించిరి. కాని ఆ నడక సులభముగ రాలేదు. ఒకరు 85 వారములలో 278 మారులు అభ్యాసము చేయవలసివచ్చెను. మరియొకరికి అభ్యాసము నందే తుంటియెముక విరిగెను. చిరకాలము బరువు మోయని యెముకలు గుల్లబారుట సహజము. వార్తాపత్రికలు నడచిన యిద్దరిని గూర్చి వ్రాసినంతగా నడువని యిద్దరిని గూర్చి వ్రాయవు. చదువరి మాత్రము ఆ యిద్దరిని మరువరాదు.

మా బాలుడు తెచ్చిన పత్రికలోని ప్రయోగము లోజాను నగరమునందు జరిగినది. గ్రెగ్వార్ కూర్తీన్ అను శాస్త్రజ్ఞుడును, జోస్లీన్ బ్లాక్ అను శస్త్రవైద్యురాలును దానికి నాయకులు. విద్యుత్తును ఎడతెగక పంపుటకు మారుగా, తుంటి కదలవలసిన క్షణమున తుంటి నాడులకు, పాదము లేవవలసిన క్షణమున పాదపు నాడులకు, తాళము వేసినట్లు సమయము చూచి పంపుట వీరి పద్ధతి. దెబ్బతగిలి నాలుగేండ్లకు పైబడిన మువ్వురు, ఒక వారము లోపలనే, బరువు మోయు పరికరము సాయమున అడుగులు వేసిరి. నెలల యభ్యాసము తరువాత విద్యుత్తు ఆపినప్పుడు సైతము వారికి కొంత కదలిక మిగిలెను. అయితే ఆ మువ్వురికిని వెన్నుపామున కొన్ని తంతువులు మొదటినుండియు తెగక మిగిలియుండెను. ఈ భేదమును నేనా బాలునకు స్పష్టముగ చెప్పితిని. 2022లో అదే బృందమువారు పూర్తిగా చచ్చుబడిన మువ్వురికి వెడల్పైన క్రొత్త పలక నమర్చి, ఒక్క దినముననే కదలు పట్టాపై అడుగులు వేయించిరి. ఆ యడుగులు నేలపై నడకగా స్థిరపడుటకు మాత్రము నెలలు పట్టినవి.

౫

2023వ సంవత్సరము మే మాసమున నింకొక వార్త వచ్చెను. సైకిలు ప్రమాదమున మెడకడ వెన్నుపాము దెబ్బతిని పదేండ్లు దాటిన నెదర్లాండ్స్ దేశీయు డొకడు కలడు. ఆతని మెదడు పైపొరపై, కపాలమున రెండు వైపుల, ఒక్కొక్కదానియందు 64 విద్యుద్ద్వారములు గల రెండు గ్రాహకములను వైద్యులు అమర్చిరి. ఆతడు "కాలెత్తవలె" నని తలచిన క్షణమున మెదడున బుట్టు సన్నని విద్యుత్తరంగములను అవి గ్రహించును. తీగలేకయే ఆ సంకేతములు చిన్న కంప్యూటరునకు చేరును. అది వాని యర్థము గ్రహించి నడుము కడనున్న పరికరమునకు ఆజ్ఞ నిచ్చును. కాలు లేచును! గండిపడిన కాలువను పూడ్చకయే, ప్రక్కనుండి క్రొత్త పిల్లకాలువ త్రవ్వినట్లయినది.

ఆ మనుష్యుడు నిలిచెను, నడచెను, మెట్లెక్కెను. కొంతకాలము అభ్యసించిన పిమ్మట, పరికరమును ఆపినప్పుడు కూడ ఊతకఱ్ఱలతో నడువగలిగెను. తెగక మిగిలిన కొలది తంతువులు వాడుకచే బలపడియుండునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. అయితే యిది యొక్క మనుష్యునియందు జరిగిన ప్రయోగము. ఒక్క వరికంకి పండినంతమాత్రమున కోత కోసినట్లు కాదు.

కణములతో గండి పూడ్చు ప్రయత్నములును కలవు. మూలకణములనగా నింకను ఏ రూపమును దాల్చక, ఏ రూపమునైనను దాల్చగల కణములు. 2010లో అమెరికాలో పిండపు మూలకణములనుండి పెంచిన కణములను మొదటిసారి ఒక రోగి వెన్నుపామునకు ఎక్కించిరి. మరుసటి సంవత్సరమే ఆ సంస్థ డబ్బు కారణమున ప్రయోగమును ఆపివేసెను. జపానులోని కేయో విశ్వవిద్యాలయమున 2021 డిసెంబరునుండి నలుగురికి ఒక్కొక్కరికి ఇరువది లక్షల నాడీకణములను ఎక్కించిరి. ఫలితములు 2025 మార్చిలో వెల్లడియైనవి. ఒకరు ఊతలేక నిలిచి నడక నభ్యసింపసాగిరి. మరియొకరికి కొంత మేలు కలిగెను. తక్కిన యిద్దరిలో చెప్పదగిన మార్పు కలుగలేదు. హాని మాత్ర మెవరికిని కనబడలేదు. దెబ్బతగిలిన మొదటి నెలలలో కొందరికి చికిత్స లేకయే కొంత కదలిక తిరిగి వచ్చుట గలదు. కనుక కణముల వలన కలిగిన మేలెంత, ప్రకృతి చేసిన మేలెంత యని వేరుచేయుటకు ఇంకను ఎక్కువమందిని పరీక్షింపవలెను.

౬

ఈ ప్రయోగములకును, ఆ చికిత్సాలయము వేసిన సూదికిని భేదమేమి? బాలబాలికలారా! ఈ పాఠమున మీరు ముఖ్యముగ నేర్వవలసినది ఇదియే.

నిజమైన ప్రయోగము మొదట జంతువులపై జరుగును. పిదప కొలదిమంది రోగులపై, నిపుణుల సంఘము అనుమతితో జరుగును. రోగికి లాభనష్టములు రెండును చెప్పి సమ్మతి గైకొందురు. ఫలము మంచిదైనను చెడ్డదైనను లోకమునకు ప్రకటింతురు. ప్రయోగమున కొప్పుకొన్న రోగినుండి రుసుము గైకొనరాదు. రక్తమునకు సంబంధించిన కొన్ని వ్యాధులకు తప్ప, మూలకణ చికిత్సను అనుమతి పొందిన ప్రయోగముగా గాక మామూలు వైద్యముగా నమ్మరాదని మన దేశపు వైద్య పరిశోధన మండలి 2017లో మార్గసూత్రములను ప్రకటించినది. "తప్పక నడుచును" అని ముందుగనే మాటయిచ్చి, సొమ్ము ముందుగనే యడుగువాడు శాస్త్రజ్ఞుడు కాడు.

సొమ్ము పోవుటయొక్కటే నష్టము కాదు. ముక్కులోని కణజాలమును వెన్నుపామున నాటించుకొన్న యొక యువతికి ఎనిమిదేండ్ల తరువాత ఆ తావున గడ్డ పెరిగినది. ఆ గడ్డ ముక్కు పొరవలె జిగటద్రవమును స్రవించుచుండెను! దానిని శస్త్రచికిత్సచే తొలగింపవలసివచ్చెనని 2014లో వైద్యులు వ్రాసిరి.

నాలుగవనాటి సాయంకాలము నేను బాలుని యింటికి పోయితిని. తల్లి గడపలో కూర్చుండెను. తండ్రి మంచముపై వ్రాలియుండెను. నేను తెలిసికొన్నదంతయు దాచక చెప్పితిని. "లోజానులోని ఆ మువ్వురు నడచుట నిజమే. కాని నీకు వేసిన సూదికి, దానికి సంబంధము లేదు. ఆ పద్ధతి మన యూరికి వచ్చునంతవరకు ఎన్నేండ్లు పట్టునో యెవరును చెప్పజాలరు. మిగిలిన యెకరమును నమ్మవద్దు" అంటిని. చాలసేపటివరకు ఎవరును మాటలాడలేదు. చివరకు తండ్రి, "ఆశ పెట్టుకొనుమందురా, వద్దందురా అయ్యగారూ?" అని యడిగెను.

"ఆశ పెట్టుకొనుము, పొలము పెట్టకుము" అంటిని.

ఆ మాట చెప్పుట నాకు సులభమే. వినుట యాతనికెంత కష్టమో యాతని ముఖము చూచి తెలిసికొంటిని.

౭

ఆతడు నేటికిని నడువలేదు. ఈ సంగతి మీకు చెప్పక దాచిన యెడల నేనును ఆ చికిత్సాలయమువారి వంటివాడనే యగుదును. కాని యాతడు మంచముననే యుండిపోలేదు. మిగిలిన యెకరము కౌలుసొమ్ముతో చిన్న చిల్లర దుకాణము పెట్టెను. ఆనాడు చంకలు, కాళ్ళు పట్టి లేవనెత్తినవారే దుకాణము ముందు చక్రముల కుర్చీ యెక్కుటకు వీలుగా ఏటవాలు దారిని కట్టించిరి. రెండు గంటలకొకమారు ప్రక్క మార్చుటయు, కుర్చీలో నున్నప్పుడు మాటిమాటికి చేతులపై లేచి బరువు తప్పించుటయు ఆతని భార్యయు కుమారుడును నేర్చి యాతనిచే చేయించుచున్నారు. గుట్‌మన్ పేరు వారికి తెలియదు. ఆయన విద్య మాత్రము వారి యింట నున్నది.

నడక యొక్కటే బ్రదుకు కాదు. 2004లో ఇట్టి రోగులు 681 మంది నడిగి చూచినప్పుడు, కాలుసేతులు నాలుగును చచ్చుబడినవారిలో దాదాపు సగముమంది, నడకకంటె ముందు చేతుల వాడుక తిరిగివచ్చిన చాలునని చెప్పిరి. తన యన్నము తాను తినుట, తన కన్నీరు తాను తుడుచుకొనుట యెంత గొప్పవో చేతులున్న మనకు తెలియదు. మెడపై చర్మముమీదుగా విద్యుత్తును పంపి చేతులకు బలము కలిగించు పరికరమునకు 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ అనుమతి నిచ్చినది. శస్త్రచికిత్స లేని యీ పద్ధతిని అరువదిమందిపై పరీక్షించిన పిమ్మటనే ఆ యనుమతి లభించినది.

మన దేశమున డాక్టరు మేరీ వర్గీసు 1954లో మోటారు ప్రమాదమున వెన్ను విరిగి కాళ్ళు పోగొట్టుకొనెను. ఆమె వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. పిదప తనవంటి రోగుల పునరావాసమునకై వెల్లూరున సంస్థ నెలకొల్పుటకు కారణమయ్యెను. 1965లో ఎవరెస్టు శిఖరము నధిరోహించిన మేజరు అహ్లువాలియా, అదే సంవత్సరమున జరిగిన యుద్ధమున వెన్నున గుండు తగిలి నడక కోల్పోయెను. ఆయనయే ఢిల్లీలో వెన్ను గాయముల చికిత్సాలయమును స్థాపించెను. నడువలేని వీరిరువురును ఎందరినో ముందునకు నడిపించిరి.

వెన్నుపాము గాయముతో జీవించువారు ప్రపంచమున ఒక కోటి యేబది లక్షలకు పైగా నున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పడిపోవుటయు, రహదారి ప్రమాదములును ఇందులకు ముఖ్యకారణములు. చెట్టెక్కువారు జారినను పడకుండ పట్టియుంచు రక్షణ సాధనములను తెలంగాణ ప్రభుత్వము 2024నుండి గీతకార్మికులకు పంచుచున్నది. ఏ విద్యుత్ పరికరముకంటెను ఆ త్రాడు విలువైనది.

ఎవరైన ఎత్తునుండి పడినను, వాహనము ఢీకొన్నను, మీరు చేయవలసినది మరువకుడు. వారిని కూర్చుండబెట్టవద్దు, లాగవద్దు. కదలవద్దని ధైర్యము చెప్పి, తలను మెడను కదలకుండ పట్టుకొనుడు. వెంటనే 108కి ఫోను చేయుడు. తప్పక కదపవలసివచ్చిన యెడల నలుగురైదుగురు చేరి, తల, మెడ, నడుము ఒక్క వరుసలో నుండునట్లు, దుంగను దొర్లించినట్లు దొర్లించి, గట్టి బల్లపై నుంచుడు. ఈ పని నేర్చిన బాలుడొక్కడు ఆనాడు ఆ తాటిచెట్టు క్రింద నున్న యెడల ఏమయ్యెడిదో! నాకు తెలియదు. ఆ యాలోచన మాత్రము నన్ను విడువదు. అందులకే యీ పాఠమును వ్రాసితిని.

ఆ బాలుడిప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. సెలవులకు వచ్చినప్పుడెల్ల నన్ను చూడవచ్చి, "క్రొత్త సంగతు లేమైన వచ్చినవా మాస్టరుగారూ?" అని యడుగును. నేను చదివినది చెప్పుదును. వాడు శ్రద్ధగా విని, "నాయనకు చెప్పెదను" అని లేచిపోవును.

ప్రశ్నలు

1. వెన్నుపాము చేయు పనులేవి? అది దెబ్బతిన్న యెడల నడకతో పాటు ఇంకేమి నష్టములు కలుగును?
2. "విత్తనము చెడ్డది కాదు, నేల యనుకూలముగా లేదు" — ఈ మాట నే ప్రయోగమును గూర్చి చెప్పబడినది? వివరింపుడు.
3. గుట్‌మన్ తెగిన నాడిని అతుకకయే వేలమంది ప్రాణములను నిలిపెననుట కాధారమేమి?
4. 2018, 2023 సంవత్సరముల ప్రయోగములకు గల పోలికలను, భేదములను వ్రాయుడు.
5. నిజమైన వైద్యప్రయోగమును గుర్తించుటకు లక్షణములేవి?
6. "ఆశ పెట్టుకొనుము, పొలము పెట్టకుము" — ఈ సలహా సరియైనదేనా? మీ యభిప్రాయమును పది వాక్యములలో వ్రాయుడు.